డిసెంబరులో చూసిన సినిమాకు సమీక్ష ఎప్పుడు, ఎలా రాయాలి?

డాలస్ నోటుపుస్తకం:

అందరికీ నమస్కారం. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. బతుకుతెరువు సాఫ్ట్‌వేరు ఉద్యోగమే అయినా, ఆరేళ్లుగా ఒక చిన్న తెలుగు వెబ్ పత్రికకు ఇంగ్లీషు సినిమాల మీద సమీక్షలు రాస్తున్నాను. ప్రెస్ షోలకు నన్నెవరూ పిలవరు కాబట్టి టికెట్టు కొనుక్కునే చూస్తాను. ఏడాదిలో పది నెలల పాటు ఈ పని హాయిగా సాగిపోతుంది. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ వచ్చిందంటే మాత్రం, ఆస్కార్ మీద ఆశ పెట్టుకున్న సినిమాలన్నీ గేట్లెత్తినట్టు ఒక్కసారి మీద పడతాయి. గత డిసెంబరులో మూడు వారాల్లో పదకొండు సినిమాలు చూశాను. వాటిలో రెండింటిని ఒకే శనివారం, మధ్యాహ్నం ఒకటీ రాత్రి ఒకటీ చూశాను.

ఆ శనివారమే నా పరువు తీసింది. చీకట్లో గిలికిన నోట్సులో "పసుపు కోటు, తలుపు దగ్గర ఆగింది, మాట లేదు" అని ఒక ముక్క ఉంది. నాలుగు రోజుల తర్వాత రాయడానికి కూర్చుని, ఆ పసుపు కోటు మొదటి సినిమాలోని తల్లిదనుకుని, ఆమె మౌనం గురించి ఒక పేరా నిండా రాశాను. నిజానికి ఆవిడ రెండో సినిమాలో, రెండు నిమిషాలు కనిపించి వెళ్లిపోయే పొరుగింటావిడ. ఒక పాఠకుడు చాలా మర్యాదగా ఆ సంగతి తెలియజేశాడు. సవరణ వేశాం గానీ, ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నా అసలు సందేహం దానికన్నా పెద్దది. 'ది బ్రూటలిస్ట్' సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరులో వెనిస్ ఉత్సవంలో తొలిసారి చూపించారు. డిసెంబరు 20న న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో కొద్ది హాళ్లలో విడుదల చేశారు. నేను చూసేసరికి జనవరి వచ్చింది. మన దేశంలో ఫిబ్రవరి చివరలో గానీ రాలేదు. మార్చి 2న ఉత్తమ నటుడితో కలిపి మూడు ఆస్కార్లు అందుకుంది. నా పాఠకుల్లో సగానికి పైగా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఉంటారు. నేను చూసిన వెంటనే రాస్తే వాళ్లకు చూసే వీలుండదు, అక్కడికి వచ్చేదాకా ఆగితే ఇక్కడి వాళ్లకు అది చద్దివార్త. ఏడాది చివర వేసే పది సినిమాల జాబితాలో దాన్ని ఏ సంవత్సరం కింద చేర్చాలో కూడా నాకు తేలలేదు. దీనికి తోడు, అన్నీ అవార్డుల స్థాయి సినిమాలే అనే వాతావరణంలో నా చేయి కూడా తెలియకుండానే ఉదారమవుతోంది. నిరుడు డిసెంబరులో నేనిచ్చిన రేటింగులు తిరగేసి చూసుకుంటే, ఐదుకు మూడున్నర కంటే తక్కువ వచ్చిన సినిమా ఒక్కటి కూడా లేదు. ఈ సీజన్‌ను సమీక్షకుడు ఎలా దాటాలో, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాత డెస్కు మనిషి, హైదరాబాద్:

మీ పసుపు కోటు సంగతి చదివి నవ్వుకున్నాను, నవ్వే హక్కు నాకుంది కాబట్టి. ఒక దినపత్రిక సినిమా పేజీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. సంక్రాంతికి నాలుగు రోజుల్లో మూడు పెద్ద సినిమాలు వచ్చినప్పుడు, ఒక సినిమాలోని పాటను ఇంకో సినిమాకు కట్టబెట్టి, పొద్దున్నే ఎడిటరు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడిన రోజు నాకూ ఉంది. మీ డిసెంబరు మా సంక్రాంతి లాంటిదే గానీ, మాకు ఆ హడావుడి వారంలో ముగిసేది, మీకు మార్చి దాకా సాగుతుంది.

ముందు ఆ రద్దీ ఎందుకొస్తుందో చెప్పుకుందాం, ఎందుకంటే మందు అక్కడే ఉంది. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ లెక్క క్యాలెండరు సంవత్సరానిది. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు అమెరికాలో అర్హత నగరాల్లో ఏదో ఒకచోట వరుసగా ఏడు రోజులు ఆడిన సినిమాయే ఆ ఏటి సినిమా అవుతుంది. అలాంటప్పుడు ఓటు వేసేవాళ్ల బుర్రలో తాజాగా ఉండాలంటే గడువుకు వీలైనంత దగ్గరగా రావాలని నిర్మాతలు అనుకోవడం సహజం. ఈ ఎత్తుగడకు జనం తరచుగా చెప్పే ఉదాహరణ 'ది డీర్ హంటర్'. 1978 డిసెంబరులో న్యూయార్క్‌లోను, లాస్ ఏంజెలెస్‌లోను ఒక్క వారం ఆడించి తీసేశారు, మిగతా దేశానికి 1979 ఫిబ్రవరిలో వదిలారు, ఏప్రిల్‌లో ఉత్తమ చిత్రం అవార్డు పట్టుకుపోయారు. ఆ వారం రోజుల ఆట ప్రేక్షకుల కోసం కాదు, ఓటర్ల కోసం, విలేకరుల కోసం.

అయితే డిసెంబరు సినిమాయే గొప్ప సినిమా అనే భ్రమకు మనవాళ్లే మంచి విరుగుడు. 2022 మార్చి 25న 'ఆర్‌ఆర్‌ఆర్' ప్రపంచమంతటా విడుదలైంది. సరిగ్గా అదే రోజు అమెరికాలో కొద్ది హాళ్లలో 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' మొదలైంది. దాదాపు ఏడాది తర్వాత, 2023 మార్చి 12 రాత్రి ఒకే వేదిక మీద రెండోదానికి ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు అవార్డులు, మనదానికి 'నాటు నాటు' పాటకు కీరవాణి, చంద్రబోస్‌ల చేతికి ఒక అవార్డు వచ్చాయి. పైగా మన దేశం ఆ ఏడాది అంతర్జాతీయ చిత్రం విభాగానికి అధికారికంగా పంపింది గుజరాతీ 'ఛెల్లో షో'ను. 'ఆర్‌ఆర్‌ఆర్' మామూలు విభాగాల్లో సొంతంగా నెగ్గుకొచ్చింది. రెండు సినిమాలూ వేసవికి ముందే వచ్చి, ఏడాది పొడవునా మాట్లాడుకునేలా నిలబడ్డాయి. కాబట్టి మీ డిసెంబరు సినిమాను ఆ డిసెంబరులోని మిగతా పదింటితో తూచకండి, మీరు మార్చిలో, జూలైలో చూసిన వాటితో తూచండి. మీ మూడున్నరలు అప్పుడే దిగివస్తాయి.

ఇక పని సంగతి. రోజుకు ఒక్క సినిమా చూడండి. కుదరకపోతే రెండోది మొదలయ్యేలోపు హాలు బయట కూర్చుని, మొదటిదాని మీద ఎంతోకొంత రాసేయండి, పది వాక్యాలైనా సరే. నోటుపుస్తకంలో ప్రతి సినిమాకూ కొత్త పేజీ తీసి, పైన పేరు, హాలు, ఆట సమయం ముందే రాసిపెట్టుకోండి. చీకట్లో రాసేటప్పుడు పంక్తి మీద పంక్తి పడుతుంది కాబట్టి ఎడమచేతి బొటనవేలును పంక్తికి ఆనించి, రాసే కొద్దీ కిందికి జరుపుకోండి. ఇది నాకు ఒక పాత విలేకరి నేర్పిన కిటుకు. మీ చిత్తుప్రతి పూర్తయ్యేదాకా ఎవరి సమీక్షా చదవకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చూసిన రోజే రాయండి గానీ ఆ రోజే ప్రచురించాలని తొందరపడకండి. మన ఊళ్లలో విడుదలయ్యే వారం దాకా దాచుకుంటే సమీక్షకు చదివేవాళ్లు దొరుకుతారు, మీకు మరోసారి దిద్దుకునే అవకాశం దొరుకుతుంది.

ప్రచురించే రోజు గురించి పెద్ద పత్రికలు కూడా కొట్టుకున్నాయి సుమా. 2011లో న్యూయార్క్ విమర్శకుల సంఘం తన అవార్డుల ఓటింగును నవంబరు చివరికి జరుపుకుంటే, వాళ్ల కోసం 'ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ'ను ముందుగా చూపించారు, సమీక్షలు మాత్రం డిసెంబరు 13 దాకా రాకూడదని ఎంబార్గో పెట్టారు. 'ది న్యూయార్కర్' విమర్శకుడు డేవిడ్ డెన్బీ అంతకు వారం ముందే సమీక్ష వేసేశాడు. సమీక్ష మెచ్చుకుంటూనే రాసినా, నిర్మాత స్కాట్ రూడిన్ ఆయనకు ఇకపై తన సినిమాలు ముందుగా చూపించేది లేదన్నాడు. పెద్దవాళ్లు చూడదగ్గ సినిమాలన్నిటినీ ఏడాది చివరి వారాల్లోనే కుక్కితే, పత్రికలో చోటు ఎక్కడినుంచి వస్తుందని డెన్బీ వాదన. మాట ఇచ్చి తప్పడం తప్పే అయినా, ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు కాదని నేను ఈరోజుకీ అనుకుంటాను.

ప్రొజెక్షన్ గది:

పెద్దలు హైదరాబాద్ వారు చెప్పిన చాలా మాటలతో ఏకీభవిస్తూనే, ఒకదాని మీద అభ్యంతరం చెప్పడానికి రాస్తున్నాను. నేను డాలస్ శివారులోని ఒక మల్టీప్లెక్సులో పనిచేస్తాను. వారం రోజుల అర్హత ఆటను ఓటర్ల కోసం వేసే ఎత్తుగడగా మాత్రమే చూడటం, హాల్లో పనిచేసేవాళ్లకు కొంచెం కష్టంగా ఉంటుంది.

చాలా ఏళ్లపాటు లాస్ ఏంజెలెస్ కౌంటీ ఒక్కటే అర్హత కేంద్రంగా ఉండేది. ఇప్పుడు న్యూయార్క్ నగరం, శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతం, షికాగో, అట్లాంటా, మా డాలస్-ఫోర్ట్‌వర్త్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రోజుకు కనీసం మూడు ఆటలు వేయాలి, అందులో ఒకటి సాయంత్రం 6 నుంచి 10 గంటల మధ్య మొదలవ్వాలి. ఆ చివరి షరతు వల్లే ఉద్యోగం ముగించుకుని వచ్చే మామూలు మనిషికి సినిమా దొరుకుతుంది. మంగళవారం రాత్రి ఏడు గంటల ఆటకు తొమ్మిది మంది ఉంటే, అందులో ఓటరు ఒక్కడూ ఉండకపోవచ్చు. ఒకసారి అలాంటి ఆట సాగుతుండగా పక్క తెర మీద తెలుగు సినిమా ప్రీమియరు నడుస్తోంది. అక్కడ మేము ఆట ముగిశాక కాగితం ముక్కలు ఊడ్చడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇక్కడ తొమ్మిది మందీ పేర్లన్నీ పూర్తయ్యేదాకా లేవకుండా కూర్చున్నారు. గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇద్దరూ నాకు ప్రేక్షకులే.

పైగా ఆ వారం ఆటతోనే పని అయిపోయే రోజులు పోయాయి. 2024 సినిమాల నుంచి ఉత్తమ చిత్రం విభాగంలో పోటీ పడాలంటే, మొదటి వారం ఆట కాక, అమెరికాలోని మొదటి 50 మార్కెట్లలో పదింట ఇంకో ఏడు రోజులైనా ఆడించాలి. ఆలస్యంగా వచ్చిన సినిమా అయితే ఎప్పుడు ఎక్కడ విస్తరిస్తారో అకాడమీకి ముందే చెప్పుకోవాలి. ఇంకో మాట కూడా ఉంది. చివరి విడతలో సభ్యులు ఏ విభాగానికి ఓటు వేస్తారో ఆ విభాగంలోని నామినేషన్లన్నీ చూసి తీరాలని 2025 ఏప్రిల్‌లో నిబంధన ప్రకటించారు. ఇన్నాళ్లూ అది నిబంధన కాదా అని మా హాల్లో టికెట్లు చింపే కుర్రాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

డాలస్ మిత్రుడికి నా సలహా ఒక్కటే. ఏ తెర మీద చూశారో సమీక్షలో రాయండి. 'ది బ్రూటలిస్ట్'ను విస్టావిజన్ అనే పాతకాలపు పెద్ద ఫిల్ము పద్ధతిలో తీశారు; కొన్ని ఊళ్లలో 70 ఎం.ఎం. ప్రింటు వేశారు, మిగతా చోట్ల డిజిటల్ వేశారు. చలువరాతి గనుల్లో తీసిన దృశ్యాలు పెద్ద తెర మీద ఒక అనుభవం, ఫోనులో ఇంకో అనుభవం. మీరు లింకు తెరిచి లాప్‌టాప్‌లో చూసినప్పుడు ఛాయాగ్రహణం గురించి గట్టి తీర్పులు చెప్పకుండా ఉంటే చాలు.

బెజవాడ పాఠకురాలు:

రాసేవాళ్ల గొడవ విన్నాక చదివేదాన్ని నేను కూడా ఒక మాట చెప్పాలనిపించింది. నేను రిటైరైన లెక్చరర్ని. డాలస్ వారి సమీక్షలు చదువుతూనే ఉంటాను. ఆ పసుపు కోటు ఉత్తరం రాసింది నేను కాదు గానీ, నాకూ అనుమానం వచ్చింది.

పాత డెస్కు గారు సమీక్షను రెండు నెలలు దాచమన్నారు. నేను ఒప్పుకోను. ఎప్పుడో ఫిబ్రవరిలో వచ్చే సినిమా కోసం ఇప్పటినుంచే ఎదురుచూడటంలో ఒక సుఖం ఉంది, ఆ సుఖం మాకు దక్కనివ్వండి. మా ఊళ్లో అలాంటి సినిమా ఒక్క తెర మీద, ఒక్క ఆట, ఎక్కువలో ఎక్కువ వారం ఉంటుంది. విడుదలైన శుక్రవారం మీ సమీక్ష చదివి, ఆదివారం వెళ్దామనుకునేసరికి తీసేస్తారు. ముందే రాసి ఉంటే ఏది వదలకూడదో తెలిసి శుక్రవారమే వెళ్తాను. కథ విప్పకుండా రాయడం మీ చేతిలో పని.

మీరు రాయకపోతే మాకు దొరికేవి రెండు. ఒకటి, సగం మంది సమీక్షకులు ప్రతి సినిమాకూ తగిలించే "ఆస్కార్ ఖాయం" అనే ముక్క. ఖాయమైతే నాకేమిటి? పెళ్లికి పిలిచి భోజనం ఎలా ఉందో చెప్పకుండా, చదివింపులు ఎంత వచ్చాయో చెప్పినట్టుంటుంది. రెండోది శాతాలు. విమర్శకుల సమీక్షలను శాతంగా చూపే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటులో నూటికి నూరు చూసి మా అల్లుడు కళ్లు మూసుకుని టికెట్లు తీస్తాడు. పదిమంది విమర్శకులూ "ఫరవాలేదు, ఒకసారి చూడొచ్చు" అన్నా కూడా అక్కడ నూటికి నూరే పడుతుందని, అది ఎంతమందికి నచ్చిందో చెప్పే లెక్క తప్ప ఎంత నచ్చిందో చెప్పే లెక్క కాదని వివరించడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ లెక్కన మన రెండుముప్పావులూ, మూడుంబావులే నయం; కనీసం ఒక మనిషి తన మనసుతో వేసినవి.

నాకు కావలసినవి చాలా చిన్నవి. సినిమా ఎంతసేపు, మాటలు ఎంత వేగంగా ఉంటాయి, సబ్‌టైటిల్స్ అందుకోగలనా, మోకాళ్ల నొప్పులున్న మనిషి అంతసేపు కూర్చోగలదా, ఇవి చెప్పండి. 'ది బ్రూటలిస్ట్' మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలని విని భయపడ్డాను. దర్శకుడే మధ్యలో పదిహేను నిమిషాల ఇంటర్వెల్ పెట్టి, ఒక పెళ్లి ఫొటో మీద గడియారం లెక్క నడిపించాడని తర్వాత తెలిసింది. మనకు పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటును వాళ్లు వింతగా రాసుకోవడం ముచ్చటగా అనిపించింది. ఆ ఒక్క వాక్యం మీ సమీక్షలో ముందే ఉంటే నేను హాల్లోనే చూసేదాన్ని. అవార్డుల మాట అసలు వద్దని నేను అనను. చివర ఒక పంక్తిలో, పుట్టినతేదీ రాసినట్టు రాయండి.

డాలస్ నోటుపుస్తకం:

ఇన్ని మంచి మాటలు వస్తాయని అనుకోలేదు. పెద్దావిడ మాట విన్నాక ఒక నిర్ణయానికి వచ్చాను. చూసిన వారమే, కథ విప్పని సమీక్ష వేస్తాను. మన ఊళ్లలో విడుదలైనప్పుడు దాని కిందనే తేదీ వేసి, కథను పూర్తిగా చర్చించే రెండో భాగం చేరుస్తాను. అప్పటికి నా అభిప్రాయం మారితే మారిందని రాస్తాను గానీ, పాతదాన్ని చెరపను. ఏడాది చివరి జాబితాకు అమెరికా విడుదల సంవత్సరాన్ని కాక, నేను హాల్లో చూసిన సంవత్సరాన్నే తీసుకుని ఆ సంగతి జాబితా పైన చెప్తాను. దాని వల్ల 'ది బ్రూటలిస్ట్' అకాడమీకి 2024 సినిమా, నాకు 2025 సినిమా అవుతుంది, కానీండి.

అలవాటు కోసం దాని మీద పాత సమీక్షను తిరగరాయడం మొదలుపెట్టాను. మొదటి పేరా ఇదీ:

"2025 జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, డిజిటల్ తెర మీద, పదిహేను నిమిషాల ఇంటర్వెల్‌తో కలిపి మూడు గంటల ముప్పై అయిదు నిమిషాల పాటు చూశాను. ఓడ లోపలి చీకట్లో జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి పైకి వస్తాడు. వెలుగులోకి రాగానే అతనికి కనిపించే స్వేచ్ఛా ప్రతిమ తలకిందులుగా ఉంటుంది. అమెరికా ఇచ్చిన మాట తిరగబడబోతోందని దర్శకుడు బ్రేడీ కోర్బెట్ ఇక్కడే సూచిస్తున్నాడు. ఈ ఏటి ఉత్తమ నటుడి పోటీలో అందరికన్నా ముందున్న ఏడ్రియన్ బ్రోడీ, నాజీల మారణకాండ నుంచి బయటపడి వలస వచ్చిన హంగరీ యూదు వాస్తుశిల్పిగా, మాటకన్నా ముందు భుజాలతో నటించాడు."

పాత డెస్కు మనిషి, హైదరాబాద్:

దాచమన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. బెజవాడ వారి శుక్రవారం లెక్క నాకు తట్టలేదు. ప్రొజెక్షన్ గది వారి అభ్యంతరం కూడా న్యాయమే. విలేకరి కుర్చీలోంచి తొమ్మిది మంది కనపడరు.

పేరా బాగుంది. రెండు చోట్ల ఎర్ర సిరా పడుతుంది. "పోటీలో అందరికన్నా ముందున్న" అనే ముక్క కొట్టేయండి. మార్చి 3 తెల్లారేసరికి అది పాచిపోయి ఉండేది. "అమెరికా ఇచ్చిన మాట తిరగబడబోతోందని" మొదలయ్యే వాక్యం మొత్తం తీసేయండి. విగ్రహం తలకిందులుగా ఉందని చెప్పాక పాఠకుడికి ఆ మాత్రం తెలుస్తుంది, మీరు చెప్తే చిన్నబుచ్చుకుంటాడు. "భుజాలతో నటించాడు" అన్నది మాత్రం మీదే, ఎవరి సమీక్షలోనూ ఏరుకున్నది కాదు. ఏ దృశ్యంలో ఆ భుజాలు చూశారో నోట్సులో ఉంటే తర్వాతి వాక్యంలో అది రాయండి. ఈసారి పేజీ పైన సినిమా పేరు ఉందో లేదో ఒకసారి చూసుకుని మరీ రాయండి.